పుర్రచేతి కాజా

కళ్ళ డాక్టరు మాట పొద్దున్నే తగిలింది కాబట్టి ఇక ఆ రోజుకి కొత్త దెబ్బ ఏదీ ఉండదనుకుంది కాజాల పిల్ల. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత ఊరికే పుట్టలేదని ఆమెకి సాయంత్రం తెలిసింది.

డాక్టరమ్మ ఆమె కనురెప్పలు పైకెత్తి, చిన్న లైటు వేసి, ఒక కంట్లోకి చూసి, రెండో కంట్లోకి చూసి, మళ్ళీ మొదటి కంట్లోకి చూసింది. అలా వెనక్కి వచ్చి చూస్తున్నప్పుడే కాజాల పిల్లకి గుండె జారింది.

"ఏం పని చేస్తావమ్మా?"

"కాజాలండీ. కోట్లకి."

"రాత్రుళ్ళు కూడానా?"

"రాత్రుళ్ళే ఎక్కువండీ. పగలు వంటా, నీళ్ళూ, అమ్మ పనీ..."

"అమ్మకేమైంది?"

"చూపు తగ్గిందండీ. అమ్మదీ ఇదే పని."

డాక్టరమ్మ లైటు ఆర్పేసింది. "చూడమ్మా, పగటి వెలుతురు ఉన్నంతసేపే సూది పట్టుకో. దీపం పెట్టాక ముట్టుకోకు. ముట్టుకున్నావంటే నీదీ మీ అమ్మ దారే. ఎన్నాళ్ళకి అని అడక్కు, చెప్పలేను. ఎంతో దూరం మాత్రం లేదు."

ఆ మాట చెప్పి, కాగితం మీద చుక్కల మందు రాసి, తర్వాతి మనిషిని పిలిచింది. కాజాల పిల్ల బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఎదురుగా గోడ మీద పెద్ద అక్షరాలూ, కింద చిన్న అక్షరాలూ ఉన్న పటం వేలాడుతోంది. అన్నిటికన్నా కింది వరస చదవడానికి ప్రయత్నించింది. రాలేదు. ఇందాక కూడా రాలేదు. అప్పుడు సిగ్గేసింది, ఇప్పుడు భయమేసింది.

కాజా అంటే గొప్ప సంగతేమీ కాదు, గుండీ దూరే చీలిక. చీల్చడానికి ఒక్క కత్తెర పోటు చాలు. ఆ చీలిక విప్పుకుపోకుండా అంచు చుట్టూ ముడి పక్కన ముడి వేసుకుంటూ రావడంలోనే ఉంది పనంతా. మిషనయితే టకటకా కొట్టి అవతల పారేస్తుంది. కానీ కొలతలిచ్చి కుట్టించుకున్న కోటుకి మిషను కాజా వేస్తే గుర్రానికి గాడిద తోక అతికించినట్టు ఉంటుందని కోట్ల మాస్టరే అంటాడు. అందుకే చేతి కాజాలకి ఇంకా మనుషులు కావాలి.

ఆ మనుషుల్లో ఒకతె అమ్మ. సూది గుచ్చబోయి అమ్మ తన వేలే గుచ్చుకోవడం మొదలైన ఏడాది, ఎనిమిదో తరగతి మధ్యలో పిల్ల బడి మానేసి అమ్మకెదురుగా కూర్చుంది. అమ్మది కుడిచేతి వాటం, పిల్లది పుర్రచెయ్యి. దాంతో అద్దంలో చూసి నేర్చుకున్నట్టు అంతా తిరగబడి వచ్చింది. అమ్మ ఈ కొస నుంచి మొదలుపెడితే పిల్ల ఆ కొస నుంచి మొదలుపెట్టేది. అందరి కాజాల్లో ముళ్ళు ఒక పక్కకి వాలితే, పిల్ల కాజాలో రెండో పక్కకి వాలేవి. మొదట్లో అమ్మ రెండు మూడుసార్లు చేతి మీద చిన్న దెబ్బ వేసింది. తర్వాత, "పోనీలే, గుండీకి కుడి ఎడమలు తెలుస్తాయా ఏంటి" అని ఊరుకుంది. ఒక్కటి మాత్రం వదల్లేదు. "దారం కొస బయట కనబడితే మన పరువు కనబడ్డట్టే" అని, చివర్న కొసని వెనక్కి తిప్పి ముళ్ళ కిందనుంచి దూర్చి దాచడం నేర్పింది. అలా దాచే ఓపిక ఇంకెవరికీ లేదు.

పని రెండు చోట్ల నుంచి వచ్చేది. ఒకటి కోట్ల మాస్టరు కొట్టు. రెండోది మూటలాయన. ఆయన సైకిలు వెనక మూట కట్టుకుని వస్తాడు. హోటళ్ళలో వడ్డించేవాళ్ళకీ, పెద్ద పెద్ద గుమ్మాల దగ్గర నిలబడి తలుపు తీసేవాళ్ళకీ ఒకే రకంగా కుట్టే కోట్లు ఆ మూటలో ఉంటాయి. వాటికి పేరు పట్టీ కూడా ఉండదు. "ఎక్కడివి బాబాయ్?" అని మొదట్లో ఒకసారి అడిగింది. "నది అవతల కొట్టువి తల్లీ" అన్నాడు. మళ్ళీ అడగలేదు. ఒక చోట పనిచేస్తున్న సంగతి ఇంకోచోట చెప్పనూ లేదు. తన దగ్గర పనిచేసేవాళ్ళు బయట సూది పడితే కోట్ల మాస్టరుకి గిట్టదు. అసలు ఇళ్ళలో కూర్చుని ఈ పని చేసేవాళ్ళ తీరే అంత. ఎవరికి చేస్తున్నారో చెప్పరు. ఎంతకి చేస్తున్నారో చచ్చినా చెప్పరు. అడిగితే వయసు అడిగినట్టు మొహం పెడతారు.

అమ్మ రోజుల్లో కోటుకి ముప్పై వచ్చేది. పిల్ల చేతికి వచ్చాక రేటు మెట్లు దిగడం మొదలుపెట్టింది. కోట్ల మాస్టరు ఒకరోజు సుద్దముక్క చెవి వెనక పెట్టుకుని, "బయట ఒకావిడ ఉందమ్మాయ్, నీకన్నా తక్కువకి వేస్తోంది. నీ పని బాగుంటుందని నీకిస్తున్నాను గానీ, కాస్త తగ్గు మరి" అన్నాడు. మాట్లాడటం రాని పిల్ల తల ఊపింది. కొన్నాళ్ళకి మూటలాయన తల గోక్కుంటూ, "వేరే ఎవరో అమ్మాయి ఉందటమ్మా, ఈ మధ్య రేటు తగ్గించిందట. మరి నువ్వు తగ్గకపోతే మూట అటు పోతుంది" అన్నాడు. మళ్ళీ తల ఊపింది. ఇక్కడ తగ్గితే అక్కడా, అక్కడ తగ్గితే ఇక్కడా. ఇప్పుడు కొట్టులో పద్దెనిమిది, మూటలో పద్నాలుగు.

ఈ తక్కువకి వేసే మనిషికి తల్లీకూతుళ్ళు చవకమ్మ అని పేరు పెట్టుకున్నారు. రెండు చోట్లా తమ కడుపు కొడుతున్నది ఒక్కతేనని అమ్మ తీర్మానం. "ఇద్దరు ఉండరే. ఇంత బుద్ధి తక్కువ మనిషి లోకానికి ఒక్కతే ఉంటుంది" అనేది. ఏ వస్తువు ధర పెరిగినా, ఏ నెల అద్దె ఆలస్యమైనా, చివరికి తెగిన చెప్పుకి కూడా చవకమ్మదే పూచీ. "దానికి మొగుడు సంపాదించి పోస్తున్నాడేమో, తోచక కుడుతోంది" అని ఒక రోజు. "దాని చేతులు పడిపోను" అని ఇంకో రోజు. మరీ కడుపు మండిన రోజున, నీడలు మాత్రమే ఆనే కళ్ళతో పైకి చూసి, "నాకు పోయినట్టే దాని కళ్ళూ పోను" అనేది. ఆ మాటకి కాజాల పిల్ల నవ్వేది. "అంత మాట ఎందుకే అమ్మా" అని పైకి అన్నా, లోపల "తథాస్తు" అనుకునేది.

ఆ రోజు డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక, చుక్కల మందు రాసిందని మాత్రం అమ్మకి చెప్పి, కాజాల పిల్ల వంటగదిలో నేల మీద సుద్దతో లెక్క వేసింది. అద్దె, అమ్మ మందులు, తిండి, దారం, మైనం. నెలకి ఇంటికి ఎంత కావాలో అంతా కూడి, పగటి వెలుతురులో నెలకి ఎన్ని కోట్లు అవుతాయో దానితో భాగించింది. ఆమె బడి ఆగిపోయేలోగా వచ్చిన లెక్కల్లో భాగహారం ఒకటి. కోటుకి నలభై వచ్చింది.

నోరు తెరుచుకుని ఆ అంకె వంక చూస్తూ ఉండిపోయింది. ఎక్కడో తప్పు పోయిందని తుడిచేసి మళ్ళీ వేసింది. నలభయ్యే. ఇన్నాళ్ళూ తను అడుగుతున్నది సగం కన్నా తక్కువ. మిగతా సగం ఎక్కణ్ణుంచి వస్తోంది మరి? రాత్రుళ్ళ నుంచి. కళ్ళ నుంచి. ఎదటివాళ్ళు ఎంత ఇస్తారో చూసుకుంది గానీ, తనకి ఎంత పడుతుందో ఆమె ఎన్నడూ చూసుకోలేదు.

నలభై అనే మాట నోటికి అలవాటు కావాలని గిన్నెలు తోముతూ పదిసార్లు అనుకుంది. "నలభై అండీ." "నలభై ఇవ్వాలండీ." "మాస్టర్‌ గారూ, ఇకనుంచి నలభై." పక్క గదిలోంచి అమ్మ, "ఎవరితోనే మాట్లాడుతున్నావ్?" అంది. "గిన్నెలతో" అంది పిల్ల.

సాయంత్రం కోట్ల మాస్టరు కొట్టుకి వెళ్ళేసరికి ఇస్త్రీ పెట్టె ఆవిరి గదంతా నిండి ఉంది. మాస్టరు మెళ్ళో టేపు వేసుకుని నల్ల గుడ్డ మీద గీతలు గీస్తున్నాడు. పూర్తి చేసిన కోట్లు బల్ల మీద పెట్టి, పమిట కొస వేలికి చుట్టుకుని, కాజాల పిల్ల ఎట్టకేలకి నోరు విప్పింది.

"మాస్టర్‌ గారూ, రేటు... నలభై ఇవ్వాలండీ."

మాస్టరు గీత మధ్యలో ఆపాడు. "ఎంత?"

"నలభై."

"పద్నాలుగా?"

"కాదండీ. నలభై."

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. "ఏమ్మాయ్, పొద్దున్నే ఎవరి మొహం చూశావ్? ఇటు రా. ఇది చూపిస్తా నీకు." వెనక తలుపు తీసి, లోపలి గదిలోంచి ఒక కోటు తెచ్చి బల్ల మీద పడేశాడు. వడ్డించేవాళ్ళు వేసుకునే ఎర్ర కోటు. "నేను చెప్తుంటానే బయట ఒకావిడ ఉందని, ఇదిగో ఆవిడ పని. పదహారుకి వేస్తోంది తెలుసా? పదహారుకి! పనితనం చూడు ఎలా ఉందో. నీకన్నా వయసులో పెద్దదై ఉంటుంది, చెయ్యి తిరిగిన మనిషి. తీసుకెళ్ళు ఇంటికి. చూసి నేర్చుకో. రేపు తెచ్చి ఇవ్వు. అప్పుడు మాట్లాడు నలభై గురించి."

కాజాల పిల్ల కోటు చేతిలోకి తీసుకుంది. చవకమ్మ పనిని కళ్ళారా చూడటం అదే మొదలు. లోపాలు వెతుకుదామనే చూసింది. ముళ్ళు ఒత్తుగా, సమంగా ఉన్నాయి. అన్నీ ఒకే పక్కకి వాలి ఉన్నాయి.

తప్పు పక్కకి వాలి ఉన్నాయి.

వేలు పెట్టి అంచు వెంట జరిపింది. కొస దగ్గర ఆగింది. దారం వెనక్కి తిరిగి, ముళ్ళ కిందకి దూరి, మాయమైంది. కోటు తిప్పి రెండో కాజా చూసింది. మూడోది చూసింది. ఇస్త్రీ పెట్టె బుస్సుమంటోంది. మాస్టరు ఇంకా ఏదో అంటున్నాడు. ఆమెకి పెదవుల కదలిక తప్ప మాట వినబడటం లేదు. ఈ ఎర్ర కోట్ల మూట వచ్చిన వారం కరెంటు పోతే కొవ్వొత్తి పెట్టుకుని కుట్టింది. మూడో కాజాలో ఒకచోట రెండు ముళ్ళు కాస్త దూరంగా పడ్డాయి. పడ్డాయని అప్పుడే తెలుసు, విప్పే ఓపిక లేక వదిలేసింది. అవి ఇక్కడ ఉన్నాయి. ఆ రెండు ముళ్ళూ ఆమె వైపు చూస్తున్నాయి.

"ఏం, నోరు పడిపోయిందా? అలాగే ఉంటుంది మంచి పని చూస్తే" అన్నాడు మాస్టరు.

ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకి తెలియదు. దారిలో ఎవరో గుద్దుకుని, "కళ్ళు కనబడటం లేదా?" అని తిట్టినట్టు మాత్రం గుర్తు.

అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. అడుగుల చప్పుడు విని, "అంత మెల్లిగా నడుస్తున్నావేంటే, కాళ్ళకేమైనా తగిలిందా?" అంది. కాజాల పిల్ల కోటు తీసి అమ్మ ఒళ్ళో పెట్టింది.

"ఏమిటిది?"

"చూడు."

చూడు అంటే తడుము అని ఆ ఇంట్లో అర్థం. అమ్మ వేళ్ళు కాలరు మడత మీదుగా దిగి, మొదటి కాజా దగ్గర ఆగాయి. బొటనవేలు ఒకసారి అటూ ఒకసారి ఇటూ పోయింది. అంతే.

"నీదేగా. నీ కాజాని నాకెందుకు చూపిస్తున్నావ్? బాగానే కుట్టావు, ఇక్కడొక్క చోట తొందరపడ్డావ్."

"అది చవకమ్మదమ్మా."

"ఏం వాగుతున్నావే?"

"మాస్టరు ఇచ్చాడు. బయట తక్కువకి వేసేది ఈవిడేనట. చూసి నేర్చుకోమన్నాడు." నవ్వో ఏడుపో తెలియని శబ్దం ఒకటి ఆమె గొంతులోంచి వచ్చింది. "మూటలాయన తెచ్చేవి మాస్టరు కోట్లేనమ్మా. నది లేదు, అవతల లేదు. నన్ను చూపించి నాకే తగ్గించారు. నేను ఇక్కడ తగ్గితే అక్కడ నేనే ఎక్కువైపోయాను. అక్కడ తగ్గితే ఇక్కడ... చవకమ్మ లేదమ్మా. నేనే."

అమ్మ వేలు కాజా మీదే ఉండిపోయింది. తర్వాత మెల్లిగా తల ఎత్తి, కూతురి గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది.

"పొద్దున డాక్టరమ్మ ఏమంది?"

"చుక్కల మందు..."

"అది కాదు. ఏమంది?"

కాజాల పిల్ల చెప్పలేదు. చెప్పకపోవడమే చెప్పినట్టయింది. అమ్మ కోటు ఒళ్ళోంచి పక్కకి నెట్టి, అరచేత్తో తన నోటి మీద కొట్టుకుంది. మళ్ళీ కొట్టుకుంది. "ఎన్నిసార్లన్నానే! పొద్దున లేస్తే అదే అన్నానే! దాని కళ్ళు పోనూ, దాని కళ్ళు పోనూ అని... ఈ నోరు పడిపోను."

"మళ్ళీ మొదలెట్టావా? ఈసారి ఎవరి మీద పడుతుందో ఏమో" అని కూతురు ఆ చేతులు రెండూ పట్టుకుంది. ఏడుస్తూనే అంది ఆ మాట. అమ్మ కూడా ఏడుస్తూనే ఒకసారి నవ్వింది. తల్లీకూతుళ్ళు దీపం పెట్టడం మర్చిపోయి అలాగే కూర్చున్నారు. ఆ రాత్రి ఆ ఇంట్లో సూది కదల్లేదు.

మర్నాడు పొద్దున మూటలాయన వచ్చి, మూట దింపి, చెమట తుడుచుకుంటూ మంచినీళ్ళడిగాడు. కాజాల పిల్ల నీళ్ళు ఇచ్చి, తలుపుకి ఆనుకుని, రాత్రంతా కూడబలుక్కున్న మాట చెప్పింది.

"బాబాయ్, ఇకనుంచి కోటుకి నలభై. దీపం పెట్టాక కుట్టను."

ఆయనకి నీళ్ళు కొరబోయాయి. "తిక్కగానీ పట్టిందా తల్లీ? అవతల ఆ అమ్మాయి పద్దెనిమిదికి వేస్తుంటేనూ..."

"ఆ అమ్మాయిని నేనే బాబాయ్."

"ఏ అమ్మాయివి?"

"కోట్ల మాస్టరు దగ్గర పద్దెనిమిదికి వేసే అమ్మాయిని."

మూటలాయన గ్లాసు కింద పెట్టబోయి గాలిలో వదిలేశాడు. అది దొర్లుకుంటూ మెట్లు దిగింది. ఆయన మూట మీద కూలబడ్డాడు. ఎర్ర కోటు చూపిస్తే దాన్ని తలకిందులుగా పట్టుకుని చూశాడు. నిటారుగా పట్టుకున్నా ఆయనకి తెలిసేది ఏమీ లేదు.

"నది అవతల కొట్టు అన్నావు కదా" అంది అమ్మ లోపల్నుంచి.

"నేను నది దాటి ఎప్పుడెళ్ళానక్కా! నాకు నీళ్ళంటేనే భయం. ఎక్కడివో చెప్తే మీరు తిన్నగా మాస్టరు దగ్గరికి పోతారు, నా సైకిలు గాలి పోతుందని అలా అన్నాను. మాస్టరు కూడా ఎవరికిస్తున్నావని అడిగితే ఊరి చివర ఎవరో ముసలావిడ అని చెప్పాను." తల పట్టుకున్నాడు. "అయ్యో, ఇంత సంసారంలో ఉన్నది ఒక్క మనిషా!"

"మాస్టరు పదహారు ఇస్తుంటే మాకు పద్నాలుగే ఇచ్చి, కోటుకి రెండు నువ్వు నొక్కేస్తున్నావటగా?" అంది అమ్మ.

"అది సైకిలుకక్కా" అన్నాడాయన నీరసంగా.

కాసేపటికి తేరుకుని, గొంతు తగ్గించి ముందుకి వంగాడు. "అయినా తల్లీ, ఇది మనకి మంచిదేగా. మాస్టరుకి చెప్పకు. నేను వెళ్ళి ముసలావిడ నలభై అడుగుతోందని చెప్తాను. నువ్వు వెళ్ళి కొట్టులో నలభై అడుగు. ఆయన ఇటు చూస్తే నలభై, అటు చూస్తే నలభై. ఎక్కడికి పోతాడు? రెండు వైపులా తాడు మన చేతిలోనే."

కాజాల పిల్లకి ఆశ పుట్టకపోలేదు. కానీ అబద్ధానికి మాటలు ఎక్కువ కావాలి. ముసలావిడకి జబ్బు చేసిందని ఒకరోజు, నయమైందని ఒకరోజు, ఆవిడ ఏ వీధిలో ఉంటుందో ఒకరోజు. ఒక్క నలభై అనడానికే గిన్నెలన్నీ తోమాల్సి వచ్చిన పిల్ల అన్ని మాటలు ఎక్కణ్ణుంచి తెస్తుంది? నిజమైతే ఒక్క వాక్యంలో అయిపోతుంది.

"నావల్ల కాదు బాబాయ్. చెప్పేస్తాను."

"చెప్తే రెండు పనులూ పోతాయి! బయటి పని చేశావని ఆయన గుమ్మం ఎక్కనివ్వడు. ఆలోచించుకో."

ఆలోచించుకుంటే వెళ్ళలేనని ఆమెకి తెలుసు. అందుకే ఎర్ర కోటు చంకలో పెట్టుకుని వెంటనే బయల్దేరింది. వెనకాలే సైకిలు తోసుకుంటూ మూటలాయన.

కోట్ల మాస్టరు ఆమెని చూడగానే, "ఏం, నేర్చుకున్నావా?" అన్నాడు.

కాజాల పిల్ల బల్ల మీద తెల్ల గుడ్డముక్క ఒకటి కనబడితే మడత పెట్టి, మధ్యలో కత్తెరతో చీల్చింది. సూదిలో దారం ఎక్కించి, మైనం మీద లాగి, వేలికి తొడుగు పెట్టుకుని, కిటికీ దగ్గర వెలుతురులో నిలబడి ఎడంచేత్తో కాజా మొదలుపెట్టింది. మాస్టరు ఏదో అనబోయి ఆగాడు. ఇన్నేళ్ళుగా ఆమె పూర్తయిన కోట్లు తేవడం, మూట తీసుకుపోవడమే గానీ, ఆమె కుట్టగా ఆయన ఒక్కసారీ చూడలేదు. ఆమెది పుర్రచెయ్యి అని ఆయనకి తెలియనే తెలియదు. రెండు రకాల కోట్లూ ఆయన చేతి మీదుగానే పోయేవి. కానీ ఇవి ముందు గదిలో, అవి వెనక గదిలో. రెండిటినీ ఒక బల్ల మీద పెట్టి చూడాల్సిన అవసరం ఆయనకి రాలేదు.

కొస దాచి, గుడ్డముక్కని ఎర్ర కోటు పక్కన పెట్టింది.

మాస్టరు ఇది చూశాడు, అది చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. గుమ్మంలో నిలబడ్డ మూటలాయన వంక చూశాడు. మూటలాయన చటుక్కున సైకిలు గంటని పరీక్షించడం మొదలుపెట్టాడు.

"ఊరి చివర ముసలావిడ..." అన్నాడు మాస్టరు.

"నేనేనండీ."

"నువ్వు బయటి పని చేస్తున్నావా? నా దగ్గర చేస్తూ?"

"మీ పనేనండీ. రెండు గుమ్మాల్లోంచి వచ్చింది, ఇక్కడ పద్దెనిమిదికి, అక్కడ పద్నాలుగుకి."

మాస్టరు ముక్కాలి పీట వెతుక్కుని కూర్చున్నాడు. "అంటే నేను నిన్ను చూపించి నిన్ను... నిన్న ఈ కోటు నీకే ఇచ్చి... చూసి నేర్చుకో అని నీకే..." మాట పూర్తి కాలేదు. తనని తనే అరచేత్తో నుదుటి మీద కొట్టుకున్నాడు. సుద్ద బొట్టులా అంటుకుంది.

ఆ బొట్టుతోనే, "ఇంకెవరూ లేరా అయితే?" అన్నాడు.

"నాకు తెలియదండీ. ఉంటే మీకే తెలియాలి."

"డాక్టరమ్మ దీపం పెట్టాక కుట్టద్దంది సార్‌ ఈ పిల్లని" అన్నాడు మూటలాయన గుమ్మంలోంచి. డాక్టరమ్మ సంగతి కాజాల పిల్ల ఆయనకి చెప్పలేదు. బయల్దేరేటప్పుడు అమ్మ చెప్పి పంపించినట్టుంది.

మాస్టరు తల ఎత్తి ఆమె కళ్ళ వంక చూశాడు. ఆయనకి ఆమె అమ్మ తెలుసు. చివరి రోజుల్లో అమ్మ ఇదే బల్ల అంచు తడుముకుంటూ తడుముకుంటూ కొట్టులోకి రావడం ఆయన చూశాడు. చూపు తిప్పుకున్నాడు.

"ముప్పై ఐదు" అన్నాడు.

పద్దెనిమిది నుంచి ముప్పై ఐదు! ఇంతలో మరో చిక్కు వచ్చింది. ఆమె ఇంట్లో వల్లెవేసుకున్నది ఒక్క నలభై మాత్రమే. ముప్పై ఐదు అంటే ఏమనాలో అనుకుని రాలేదు. సరే అందామంటే నేల మీది సుద్ద లెక్క కళ్ళ ముందు నిలబడింది. కాదందామంటే మాట తట్టలేదు. పమిట కొస వేలికి చుట్టుకుంటూ అలాగే నిలబడిపోయింది.

మాస్టరు చూశాడు. మూటలాయన గంట తిప్పడం మానేసి చూశాడు. ఇస్త్రీ పెట్టె ఒకసారి బుస్సుమంది.

"గట్టిదానివే. సరే, నలభై" అన్నాడు మాస్టరు.

ఆమె ఉలిక్కిపడి తల ఎత్తింది.

"కానీ ఒకటి. నలభైకి ఎర్ర కోట్లు నావల్ల కాదు. అవి మిషను కాజాలకి పంపిస్తాను. వడ్డించేటప్పుడు కాజాలు ఎవడు చూస్తాడు? కొలతల కోట్లు అన్నీ నీకే. ఇంకెవరికీ ఇవ్వను." కాస్త ఆగి, "ఇవ్వడానికి ఇంకెవరూ లేరని తేలిందిగా" అన్నాడు.

మూటలాయన గుమ్మంలోంచి ముందుకొచ్చాడు. "మరి నా మూట సార్‌?"

"మిషను దగ్గరికి మోసేవాడు కావాలిగా. నువ్వే మొయ్యి. రెండు నొక్కకుండా మొయ్యి."

కాజాల పిల్లకి ఇంకా నమ్మకం కుదరలేదు. ఎవరైనా నవ్వేసి, ఊరికే అన్నాం పో అంటారేమోనని వాళ్ళిద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఎవరూ నవ్వలేదు. మాస్టరు పీట మీదనుంచి లేవలేదు. ఆయన వీధి వంక చూస్తూ ఏదో తెగ ఆలోచిస్తున్నాడు. కొలతల కోట్ల మూట తీసుకుని ఆమె గుమ్మం దాటుతుంటే వెనకనుంచి ఆయన మాట వినబడింది. మూటలాయనతో అంటున్నాడో, తనతో తనే అంటున్నాడో.

"పక్క వీధిలో ఒకడు నాకన్నా తక్కువకి కుడతాడని వచ్చిన ప్రతివాడూ అంటాడే... వాణ్ణి నువ్వెప్పుడైనా చూశావా?"

ఆ సాయంత్రం కాజాల పిల్ల గుమ్మంలో కూర్చుని కొలతల కోటుకి రెండో కాజా కుడుతోంది. ఎదురింటి గోడ మీద ఎండ పైకి పాకి, ఎర్రబడి, పోయింది. ముళ్ళు ఒకదాన్నుంచి ఒకటి విడిగా కనబడటం ఆగగానే ఆమె చేతిలోని సూది ఆగింది. సగం కాజా అలా వదిలేయడం ఆమెకి అదే మొదలు. చెయ్యి ఊరుకోలేదు, రెండుసార్లు సూది వైపు పోయింది. డబ్బా మూత వేసేసింది.

ఆ చప్పుడు అమ్మ చెవిన పడింది. "అప్పుడే మూసేశావా?"

"వెలుతురు పోయిందమ్మా."

అమ్మకి వెలుతురు రాకపోకలు చర్మానికి తెలుస్తాయి. చెయ్యి గుమ్మం బయటికి చాపి, చల్లగాలి చూసుకుని, తల ఊపింది. ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, మెల్లిగా అడిగింది.

"చవకమ్మ ఏమందే?"

"మానేస్తానందమ్మా."

"మంచిపని చేసింది" అంది అమ్మ. ఇంకేదో అనబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆలోచించి, తర్వాత అంది. "దాని కళ్ళు చల్లగా ఉండాలి."